ఈత వనం, ఖర్జూరపు తోట, మధ్యలో ఒక కాలువ: చేర్యాలలో వేయించిన పటం

మా బాపు కోసం చేర్యాలలో ఒక నకాషీ పటం, అంటే గుడ్డ మీద బొమ్మలతో కథ చెప్పే పటం, వేయించాను. మూడడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవు. ఇరవై రెండు వేల రూపాయలు అయింది. రెండు నెలల్లో ఇస్తామన్నది చేతికి వచ్చేసరికి నాలుగు నెలలు దాటింది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు వెళ్లి వచ్చిన మనుషులు లేని ఊరు లేదు. వాళ్ల పిల్లల్లో ఎవరికైనా ఇలాంటి పటం వేయించాలన్న ఆలోచన ఉంటే ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు బాపు సంగతి చెప్పాలి, లేకపోతే పటం అర్థం కాదు. మాది జగిత్యాల దగ్గర పల్లె, కల్లు గీత వృత్తి. బాపు 1989లో బొంబాయి వెళ్లి విమానం ఎక్కాడు. ఏజెంటు కట్టడం పని అన్నాడు. అక్కడ దిగాక తోట పని అన్నారు. అబుదాబికి చెందిన అల్ ఐన్ అనే ఊరు. ఎడారి మధ్యలో పెద్ద ఖర్జూరపు వనం. ఆ ఒక్క వనంలోనే లక్షా నలభై ఏడు వేలకు పైగా చెట్లున్నాయని చెబుతారు. మొదటి రోజు పొద్దున్నే ఆ చెట్లను చూసి, "మన ఈత చెట్టు నాకంటే ముందే వచ్చి ఇక్కడ నిలబడింది" అనుకున్నాడట. అది వట్టి పోలిక కాదు. ఈత, ఖర్జూరం రెండూ ఒకే ప్రజాతి చెట్లు, వృక్షశాస్త్రంలో రెండింటి పేరూ ఫీనిక్స్ అనే మొదలవుతుంది. ఎక్కడం తెలిసిన చేతులు కాబట్టి మేస్త్రీ ఆయనను మట్టి పనికి పంపకుండా చెట్ల మీదికి పంపాడు. మట్టలు కోయడం, వసంతానికి ముందు పోతు పూత తెచ్చి ఆడ గెలల్లో కట్టడం, ఎండాకాలం గెలలు దించడం. రెండేళ్లకోసారి ఛుట్టీ మీద వచ్చేవాడు. 2014లో పూర్తిగా వచ్చేశాడు.

అక్కడ ఆయన పేరు "హిందీ", అరబ్బీలో భారతీయుడని అర్థం. ఇక్కడ ఆయన పేరు "దుబాయ్ గౌడ్". దుబాయ్‌లో ఒక్క రోజు కూడా పని చేయని మనిషికి ఊరంతా పెట్టిన పేరు అది. తిరిగొచ్చేసరికి మా ఒర్రె గట్టున ఈత వనం లేదు, పత్తి చేను ఉంది. ఇప్పటికీ జూన్ నెల రాగానే అరుగు మీద కూర్చుని, "తోటలో కోత మొదలై ఉంటుంది" అంటాడు. ఏ తోట అని మేం అడగం.

పటం కంటే ముందు ఒక ఫోటో స్టూడియోలో ప్రయత్నం చేశాను. ఎడమ పక్క మా చెరువు, కుడి పక్క అల్ ఐన్, మధ్యలో బాపు ఉండేలా ఒకే ఫోటో చేసి ఇమ్మన్నాను. చేసిచ్చారు. అల్ ఐన్‌కు బదులు బుర్జ్ ఖలీఫా పెట్టారు. బాపు చుట్టూ కత్తిరించిన అంచు తెల్లగా మెరుస్తోంది. ఆయన రెండు ఊళ్లలోనూ నిలబడినట్టు లేదు, రెండింటి ముందూ గాలిలో వేలాడుతున్నట్టు ఉంది. బాపు దాన్ని చూసి ఏమీ అనలేదు. ఆ మౌనానికే నాకు బాధ కలిగింది. దాన్ని బీరువాలో పెట్టేశాను.

నేను బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను, పటాలంటే ఇష్టం. గులాం మహమ్మద్ షేక్ అనే గుజరాతీ చిత్రకారుడు వేసిన ప్రపంచ పటాల బొమ్మలు కొన్నేళ్ల క్రితం ఒక పత్రికలో చూశాను. జర్మనీలో 13వ శతాబ్దంలో గీసిన ఎబ్‌స్టార్ఫ్ అనే క్రైస్తవ ప్రపంచ పటాన్ని ఆయన తీసుకున్నాడు. దాని అసలు ప్రతి 1943 బాంబు దాడిలో కాలిపోయింది. దాని మధ్యలో జెరూసలేం ఉంటుంది. షేక్ ఆ గుండ్రటి భూమిలోకి మన కబీరును తెచ్చాడు, మన చెట్లను, మన వీధులను తెచ్చాడు. ఒకరి భూగోళంలో ఇంకొకరు ఇల్లు కట్టుకున్నట్టు ఉంటుంది. అది చూసినప్పటి నుంచి నాలో ఒక ప్రశ్న మిగిలింది: మా బాపు భూగోళానికి మధ్యలో ఏముంటుంది?

హనుమకొండలో ఉండేదాన్ని కాబట్టి మొదట కొత్తవాడ జంపఖానాలే గుర్తొచ్చాయి. ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్ ప్రదర్శనకు వెళ్లినవి, పారసీక పూల తోటను మన మగ్గం మీదికి తెచ్చిన నేత. కానీ జంపఖానాలో గీతలు, కోణాలు వచ్చినంత బాగా మనిషి, చెట్టు, వాటి మధ్య జరిగిన కథ రావు. నాకు కథ కావాలి.

కథ అనగానే చేర్యాల గుర్తొచ్చింది, అదీ బాపు వల్లే. ఆయన చిన్నప్పుడు గౌడజెట్టి వాళ్లు ఊరికి వచ్చి పటం వేలాడదీసి, కర్రతో బొమ్మలు చూపిస్తూ రాత్రుళ్లు గౌడ పురాణం చెప్పేవారట. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో పటం. "మీరెవరు, ఎక్కడి నుంచి వచ్చారు" అన్నదే ఆ పటాలన్నిటి కథ. పటం పాతబడితే చెత్తలో వేయరు, మనిషికి చేసినట్టు తంతు చేసి నీళ్లలో వదులుతారు. అంత మర్యాద ఉన్న గుడ్డ మీద బాపు కథ ఉండాలనిపించింది.

హనుమకొండ నుంచి జనగామ వెళ్లి, అక్కడ సిద్దిపేట వైపు బస్సు ఎక్కితే దారిలోనే చేర్యాల. 2016 వరకు వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. నేను పని ఇచ్చిన ఇంటి పేరు రాయను. ఎందుకంటే కొన్ని లోపాలు కూడా చెప్పబోతున్నాను, వాళ్ల పొట్ట మీద కొట్టడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో భర్త గీత గీస్తాడు, భార్య రంగులు నింపుతుంది, పిల్లలు రంపపు పొట్టు, చింతగింజల అంబలి కలిపి మాస్కులు చేస్తారు. వసారా అంతా మాస్కులు ఆరుతుంటాయి. కొనుక్కుపోయే వాళ్లకు ఎక్కువగా కావలసినవి అవేనట. పెద్ద పటం అడిగే వాళ్లు అరుదు కాబట్టి నన్ను కూర్చోబెట్టి ఓపికగా అన్నీ చూపించారు.

ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, తిరుమణి జిగురు కలిపిన పూత పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకొకటి, అలా మూడు. ఆరిన గుడ్డ అట్టలా గట్టిగా, వేలితో తడితే చప్పుడు వచ్చేలా ఉంటుంది. దాని మీద సన్నకుంచెతో నేరుగా గీత. ముందు పెన్సిలు లేదు, రబ్బరు లేదు. తర్వాత నేలంతా ఎరుపు.

ఆ ఎరుపు దగ్గరే మాకు మొదటి వాదన వచ్చింది. పై సగం మా ఊరు ఎరుపు నేల మీద ఉండనివ్వండి, కింది సగం ఎడారి కాబట్టి పసుపు నేల వేయండి అన్నాను. చిత్రకారుడు ఒప్పుకోలేదు. "టీచరమ్మా, పటానికి నేల ఒక్కటే. నేల మారితే అది రెండు పటాలు అవుతుంది" అన్నాడు. ఇది నా డబ్బు, నా కోరిక కదా అని మనసులో కొంచెం పట్టుదల వచ్చింది. అయినా ఆయన మాటలో ఉన్న స్థిరత్వానికి తలవంచి సరే అన్నాను. పటం పూర్తయ్యాక బాపు కింది సగం ముందు చాలాసేపు నిలబడి, "ఇసుక రంగు సరిగ్గా పట్టాడు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అల్ ఐన్ చుట్టూ ఉన్న ఇసుక తిన్నెలు ఎర్రగా ఉంటాయట, సాయంత్రం అయితే మన చెల్క నేలకూ దానికీ తేడా తెలియదట. ఇరవై అయిదేళ్లు ఆయన చూసిన ఎడారిని నేను సినిమాల్లోని పసుపు ఎడారిగా ఊహించుకుంటూ ఉన్నాను. ఒక్కసారి కూడా ఆయనను అడగలేదు. ఎన్నడూ చేర్యాల దాటి పెద్దగా వెళ్లని మనిషి, తన తాతల రంగును వదలనని పట్టుబట్టి, నాకంటే సరిగ్గా ఆ దేశాన్ని వేశాడు.

రెండో వాదన అంచు గురించి. నకాషీ పటంలో ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ మధ్య పూల అంచు ఉంటుంది. ఊరికీ అల్ ఐన్‌కూ మధ్య అంచు వద్దన్నాను. కలిసిపోవాలి కదా అన్నాను. అంచు లేకపోతే కథకుడి కర్రకు ఆగే చోటు ఉండదు అన్నాడు ఆయన. భార్య లోపలి నుంచి వచ్చి, "నీళ్లు పారే చోట గట్టు తెగుతుంది కదా, అక్కడ తెంపండి" అంది. పటానికి ప్రాణం పోసింది ఆ మాటే. పైన మా చెరువు, దాని తూము. తూము నుంచి కాలువ దిగి, పూల అంచును ఒక్క చోట తెంచుకుని, కింద ఖర్జూరపు తోటలోకి పారుతుంది. అక్కడ దాని పేరు ఫలజ్. కొండ పాదాల నుంచి భూమి లోపలి దారిన నీళ్లు తెచ్చి తోటలకు వంతుల వారీగా వదిలే పాత కాలువ అది. 2011లో యునెస్కో అల్ ఐన్‌కు వారసత్వ స్థలంగా గుర్తింపు ఇచ్చినప్పుడు ఆ కాలువలను కూడా లెక్కలోకి తీసుకుంది. మా చెరువు కింద నీరటి ఉన్నట్టే అక్కడా వంతు చూసి నీళ్లు మలిపే మనిషి ఉండేవాడని బాపు చెప్పాడు. పటంలో తూము దగ్గర తలపాగాతో ఒక నీరటి, ఫలజ్ దగ్గర తెల్లటి అంగీతో ఇంకో నీరటి ఉన్నారు. ఇద్దరి చేతుల్లో ఒకే రకం పార.

మొదటి గీత ఫోనులో వచ్చినప్పుడు బాపుకు చూపించాను. చూడగానే మొహం మార్చాడు. అల్ ఐన్ చెట్టు మీద ఉన్న మనిషికి మన మోకు వేశారు. "అక్కడి తాడు ఇది కాదు, నడుము దగ్గర వెడల్పుగా అల్లిన పట్టీ ఉంటుంది, దాని మీద వెనక్కి వాలి పని చేస్తాం" అన్నాడు. ఖర్జూరపు గెలలు కొబ్బరి గెలల్లా ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా, తోట యజమానిని కిరీటంతో సింహాసనం మీద కూర్చోబెట్టారు. పటాల్లో పెద్దమనిషిని అలా వేయడమే వాళ్లకు అలవాటు. "అర్బాబ్ మాతో పాటే చాప మీద కూర్చుని గావా (అరబ్బీ కాఫీ) తాగేవాడు" అని బాపు గట్టిగా అన్నాడు. ఆ గొంతు నేను చాలాకాలం తర్వాత విన్నాను.

మరుసటి ఆదివారం బాపును వెంటబెట్టుకుని మళ్లీ చేర్యాల వెళ్లాను. అటక మీద నుంచి తన గీత పనిముట్లు మోకు, గుజి, లొట్టి తీసి సంచిలో పెట్టుకున్నాడు. అల్ ఐన్ నుంచి తెచ్చుకున్న పట్టీ కూడా తెచ్చాడు, అది ఇంట్లో ఉన్నట్టే నాకు తెలియదు. చిత్రకారుడి ఇంటి ముందు వేప చెట్టుకు ముందు మోకు చుట్టి చూపించాడు, తర్వాత పట్టీ చుట్టి వెనక్కి వాలి చూపించాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. నాకు గుండె ఆగినంత పని అయింది. ఆయన మాత్రం అలా వాలి, కింద ఉన్న చిత్రకారుడితో తీరికగా మాట్లాడుతున్నాడు. "పెద్దయ్యా, కొంచెంసేపు అలాగే ఉండండి" అని చిత్రకారుడు కుంచె తెచ్చుకుని కాగితం మీద గీసుకున్నాడు. ఇద్దరు పనివాళ్లు ఒకరి పనిని ఒకరు చూసుకున్న తీరు అది. మీరు పటం వేయిస్తే ఎవరి కథో ఆ మనిషిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఫోటోలు సరిపోవు. నేను మొదటిసారి ఒక్కదాన్నే వెళ్లి చేసిన తప్పు అదే.

ఇక లోపాలు. ఆలస్యం చెప్పాను, మధ్యలో నెల రోజుల పాటు ఫోను ఎత్తలేదు. వానల్లో పూత ఆరదని తర్వాత చెప్పారు, అది నిజమే, కానీ ముందే చెప్పి ఉంటే నేను అంత ఆందోళన పడేదాన్ని కాదు. రంగుల విషయం కూడా అడిగి తెలుసుకోవాలి. ఎరుపు ఇంగిలీకమే వాడారు, నలుపు దీపపు మసి. నీలం, ఆకుపచ్చ మాత్రం దుకాణం సీసాలవి. అడిగితే దాచకుండా చెప్పారు. అన్నీ సహజ రంగులే కావాలంటే ఇంకో ఆరేడు వేలు, ఇంకో నెల అవుతుందన్నారు. నేను సీసా రంగుకు ఒప్పుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆకుపచ్చ కొంచెం ఎక్కువ మెరుస్తోంది. మళ్లీ చేయిస్తే ఆగుతాను, డబ్బు పెడతాను. పోలికల మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. నకాషీ పటంలో అందరికీ పెద్ద కళ్లు, పక్కకు తిరిగిన మొహాలే. బాపును గుర్తుపట్టేది మొహం చూసి కాదు, ఎక్కే తీరు చూసి.

హనుమకొండలో ఫ్రేము కట్టే ఒక దుకాణంలో నాకు పెద్ద దెబ్బ తగిలింది. చుట్టి వేలాడదీయవలసిన పటాన్ని వద్దన్నా చెక్కకు బిగించి మేకులు కొట్టారు. రెండు చోట్ల సుద్ద పూత పగిలి ఊడింది. కన్నీళ్లు వచ్చాయి. చేర్యాల తీసుకెళితే ఆ దంపతులు ఒక్క రూపాయి తీసుకోకుండా చింతగింజల అంబలి పూసి, రంగు వేసి, పైనా కిందా కర్రలు కుట్టి ఇచ్చారు. పటానికి ఫ్రేము వద్దు, అద్దం వద్దు. మడత అసలే పెట్టవద్దు. తడి గోడకు దూరంగా కర్రకు వేలాడదీయాలి. అవసరమైతే చుట్టి పెట్టాలి.

అందరికంటే చివర పటం చూసింది అమ్మ. బాపు తోటల్లో ఉన్న పాతికేళ్లూ అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం కట్టి మా ఇద్దరినీ చదివించింది. అమ్మను ఎక్కడ నిలబెట్టాలని చిత్రకారుడు అడిగినప్పుడు నేను ఆలోచించకుండా, అంచు తెగిన చోట కాలువ గట్టు మీద వేయమన్నాను. రెండు ఊళ్లకూ మధ్యన ఆమె ఉండటం అందంగా ఉంటుందనుకున్నాను. అందంగానే ఉంది: పసుపు చీర, కాలువ మీద వంగి బిందె ముంచుతున్న మనిషి.

అమ్మ దగ్గరికి వచ్చి, వేలితో తాకకుండా చూసి, "నేను చూడని ఊరి నీళ్లు నన్నెందుకు ముంచమన్నావు బిడ్డా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. బాపు భూగోళానికి మధ్యలో ఏముందో వెతుకుతూ, అమ్మకు కూడా ఒక భూగోళం ఉంటుందన్న సంగతి మరచిపోయాను. ఆమె ఊరు దాటలేదు కాబట్టి ఆమెకు కథ లేదనుకున్నాను కాబోలు. బాపు గొంతు సవరించుకుని, "ఆ నీళ్ల రుచి మన ఒర్రె నీళ్ల లాంటిదే" అన్నాడు. అమ్మ వినిపించుకోలేదు.

ఇప్పుడు పటం మా ఊరి ఇంట్లో బాపు మంచం ఎదురుగా ఉంది. మా అబ్బాయి వెళ్లినప్పుడల్లా బాపు కర్ర పట్టుకుని కథ చెబుతాడు. పటం కథ పై నుంచి కిందికి నడవాలి. ఆయన మాత్రం ఎప్పుడూ తెగిన అంచు దగ్గర మొదలుపెట్టి, ఒకసారి పైకి, ఒకసారి కిందికి వెళతాడు. కథ రోజుకో రకంగా ఉంటుంది. ఖర్చు పెట్టిన డబ్బు గురించి అడిగే వాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే: ఇంటికి తిరిగొచ్చిన ఈ పదేళ్లలో బాపు ఇంత మాట్లాడటం నేను చూడలేదు.

పటం అడుగున, కింది కర్రకు పైన, జానెడు ఎర్ర నేల ఖాళీగా వదిలారు. అది పొరపాటేమో అనుకుని అడిగితే, తర్వాత ఏదైనా చేర్చాలంటే చోటు ఉండాలి కదా అన్నారు. పోయిన వారం అమ్మ ఫోను చేసింది. ఆ జానెడులో తునికి చెట్టు కావాలట. చిగురు ఎర్రగా ఉన్నప్పటి చెట్టు, ఆకు కోతకు ముందుది. దాని కింద చాట ఉండాలి, పక్కన మేం ఇద్దరం పలకలు పట్టుకుని ఉండాలి, బాపు ఉండకూడదు, ఎందుకంటే అప్పుడు ఆయన లేడు.

చేర్యాలకు ఫోను చేసి చెప్పాను. మూడు వేలు అవుతుందన్నారు. ఈసారి అమ్మను వెంట తీసుకెళుతున్నాను.